జిగురు ఆరేదాకా

ఇంద్రజకు అన్నిటికంటే పెద్ద భయం ఇది: తను ముందుకు చూస్తూ కారు నడుపుతూ ఉండగా వెనక సీటులో పాప ఊపిరి ఆగిపోవడం, ఆ సంగతి తనకు తెలియకుండానే కారు ఇంకా ముందుకు పోతూ ఉండటం.

మిగతా వాటికి ఆమె అంతగా భయపడదు. వైనుయోమాటా కొండ రోడ్డు మలుపుల్లో ఎదురొచ్చే లారీలకు భయపడదు. వంటింట్లో చేతిమీద నూనె పడితే నీళ్ళకింద పెట్టుకుని మళ్ళీ గరిటె పట్టుకుంటుంది. వెనక సీటు ఒక్కటే ఆమెను పీక్కుతింటుంది. పాప హేమశ్రీకి ఇంకా ఏడాది నిండలేదు. ఈ దేశంలో అంత చిన్నపిల్లల్ని కారులో వెనక్కి తిప్పి కట్టాలి, ముఖం కనపడదు. అందుకని ఇంద్రజ వెనక సీటు పైభాగానికి ఒక గుండ్రటి చిన్న అద్దం కట్టింది. పాప ముఖం ఆ అద్దంలో పడుతుంది, ఆ అద్దం డ్రైవరు నెత్తి పక్కనున్న అద్దంలో పడుతుంది. అట్లా రెండద్దాల మీదుగా కూతురి ముక్కుపుటాలు చూసుకుంటూ ఆమె రోజూ కొండ దాటి లోవర్ హట్‌కు పోతుంది. అక్కడ చిన్నపిల్లల సెంటర్‌లో వంట పని. పాప కూడా అక్కడే ఉంటుంది. పనిలో చేరి ఎక్కువ రోజులు కాలేదు. వచ్చే సోమవారం ఉంచుకుంటామో లేదో చెబుతామన్నారు. ఆ వేళకు కొండ దాటించే బస్సు లేదు, కాబట్టి కారు లేకపోతే ఆ పనీ లేదు.

బుధవారం పొద్దున పచ్చిక మీద ఉప్పు చల్లినట్టు మంచు పడి ఉంది. కారు ముందద్దం తెల్లగా గడ్డకట్టింది. ఇంద్రజ పాపను సీటులో కట్టి, ఇంజన్ స్టార్ట్ చేసి, హీటర్ గాలినంతా అద్దం మీదికి తిప్పి, బయట నిలబడి ప్లాస్టిక్ ముక్కతో మంచు గీకసాగింది. లోపల డ్రైవరు అద్దానికి వేలాడేవన్నీ వేడిగాలికి ఊగుతున్నాయి. కొండగట్టు అంజన్న బిళ్ళ, ఎర్రదారం, అత్తమ్మ పంపిన నల్లపూసల దిష్టితాడు, ఒక ఇత్తడి గంట. వాటన్నిటి వెనక, కారుతోపాటే వచ్చిన ఫిజీ గవ్వల దండ.

లోపల టప్పుమని శబ్దమైంది. పాప కెవ్వుమంది.

ఇంద్రజ తలుపు లాగేసరికి అద్దం గేర్ రాడ్డు మీద బోర్లా పడి ఉంది. పగల్లేదు. దాని వెనక బొత్తాం లాంటి ఇనుప ముక్క అట్లాగే ఉంది. ముందద్దం మీద మాత్రం అది ఉన్నచోట గోధుమరంగు జిగురు మరక మానిన పుండులా మిగిలింది.

అప్పుడే భర్త విష్ణు వచ్చాడు. అతను బ్రెడ్ ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ చేస్తాడు. తోటి పనివాడు సందు మొదట్లో దించి పోతాడు. కనుబొమల మీద పిండి, చేతిలో నిన్నటి బ్రెడ్. అద్దాన్ని ఆమె చేతిలోంచి తీసుకుని వేలాడే దండలన్నిటితో పైకెత్తి చూశాడు.

“ఇది అద్దమా, గుడి ముందల కొబ్బరికాయల దుకాణమా? ఇంత బరువు ఏలాడదీస్తే పడకుంట ఉంటదానే?”

“అంజన్న బిళ్ళ నువ్వే కట్టినవ్ బావా.”

“బిళ్ళ బరువెంత ఉంటదే? గంట ఎవరు కట్టిండ్రు? నేనా?” ఆవులిస్తూ అద్దాన్ని ఆమెకు తిరిగిచ్చాడు. “వచ్చే వారం నాకు లీవు దొరికితే గరాజ్‌కు తీస్కపోత. అప్పటిదాంక నువ్వు బండి తియ్యకు.”

“మరి నా పని?”

“రానని ఫోన్ చెయ్.”

“సోమవారం దాంక చూస్తమన్నరు. మధ్యల మానేస్తే ఇంకేం చూస్తరు?”

“అద్దం ఉంటేనే నువ్వు ముందల చూడవ్. ఇరవైనాలుగ్గంటలు ఎనకకే చూస్తవ్. ఇప్పుడు అద్దం గూడ లేదు, మెడ తిప్పుకుంట నడుపుతవ్. ఒద్దు.”

ఇంద్రజ మళ్ళీ మంచు గీకసాగింది. విష్ణు మాటలో అబద్ధం లేదు, అందుకే ఎక్కువ మండింది.

“ఏమే పిల్లా, బుజ్జి ఎందుకు కేక పెట్టింది?” కంచె పట్టుకుని నడుస్తూ కామిని ఆంటీ వచ్చింది. రెండు ఫ్లాట్లకూ ఒకటే దారి. ముందు ఫ్లాట్ ఆంటీది, వెనకది వీళ్ళది. ఆంటీ వాళ్ళది ఫిజీలో బా అనే ఊరు. తాతలు తెలుగువాళ్ళు. అవ్వ దగ్గర నేర్చుకున్న పాత తెలుగులో అక్కడి హిందీ కలిపి మాట్లాడుతుంది. ఈ కారు ఆమెదీ, ఆమె భర్త మునిస్వామి అంకుల్‌దీ. అంకుల్ పోయాక “నాకు తోలడం విసుగొచ్చేసింది” అని వీళ్ళకు అమ్మేసింది. గవ్వల దండ మాత్రం తీయకండి, ఆయన కట్టింది అంది.

సంగతి విని ఆంటీ నవ్వింది. “అద్దం పడితే ఏమి? నాకు రెండు కళ్ళు లేవా? నేను వెనకాల కూర్చుంటా. బుజ్జి ఏం చేస్తా ఉందో చెప్తా ఉంటా. ఈ పిల్ల రోడ్డు చూసుకుంటాది. నేను కూడా లైబ్రరీకి పోవాల.”

“మీకెందుకు ఆంటీ శ్రమ,” అన్నాడు విష్ణు.

“శ్రమ ఏముంది బేటా? ఇన్నేళ్ళు ఈ బండిని నేను తోలినా. ఇప్పుడు రాణీలాగా వెనకాల కూర్చుంటా.”

పెద్దావిడ ముందు విష్ణు కాదనలేడు. బ్రెడ్ చంకలో పెట్టుకుని లోపలికి పోయాడు. ఆంటీ కారు వెంబడి చేత్తో రాసుకుంటూ వెనక తలుపు దాకా వెళ్ళి, తడిమి తీసి, పాప పక్కన కూర్చుంది.

కొండ ఎక్కుతున్నంతసేపూ ఆంటీ రేడియోలో క్రికెట్ కామెంటరీలా చెప్పుకుపోయింది.

“ఇప్పుడు ముక్కు గోక్కుంది. ఇప్పుడు వేలు నోట్లో పెట్టింది. అరే, తీసేసింది. ఇప్పుడు నన్ను చూస్తా ఉంది, ఈ ముసలిది ఎవరు అని. ఇప్పుడు కిటికీలో గొర్రెల్ని చూస్తా ఉంది.”

“ఈడ గొర్రెలెక్కడున్నయ్ ఆంటీ?”

“మబ్బులమ్మా. గొర్రెలమాదిరి ఉన్నాయి.”

ఇంద్రజ నవ్వింది. కారులో ఉండగా నవ్వడం ఈ మధ్య ఇదే మొదలు. తల పైకెత్తబోతే చూడటానికి అద్దం లేదు. చూపు మళ్ళీ రోడ్డు మీదికే వచ్చింది. కొండ కొసన మలుపు తిరగగానే కింద హట్ లోయ అంతా, దానికవతల సముద్రం పరుచుకుని కనపడింది. రోజూ ఇదే దారిలో పోతోంది. సముద్రం ఇంత దగ్గరగా ఉందని ఆమె గమనించనే లేదు.

*

ఆ సాయంత్రం పని అయ్యాక ఇంద్రజ పాపను చంకనేసుకుని కారు సామాన్ల షాపుకు వెళ్ళింది. ఫోనులో ఫోటో చూపించి అద్దం అంటించే జిగురు కొంది. అట్టకు అతికిన చిన్న ప్యాకెట్టు. అందులో ఒక చిట్టి ట్యూబు, మందుతో తడిపిన గుడ్డముక్క ఒకటి. అట్ట వెనక చీమల్లాంటి ఇంగ్లీషు అక్షరాలు. పదో తరగతితో బడి మానేసిన ఆమె ఇంగ్లీషు ఒక్కో మాటా వేలు పెట్టి చదువుతుంది, కానీ వదిలిపెట్టదు. కారులో కూర్చుని రెండుసార్లు చదివింది. గీకాలి, తుడవాలి, గుడ్డముక్కతో మందు పూయాలి, ఆరనివ్వాలి, ఒక్క చుక్క వేసి నొక్కాలి, మళ్ళీ బాగా ఆరనివ్వాలి.

ఇంటికొచ్చి ముందద్దం మీద పాత మరకను బ్లేడుతో గీకింది. ఆ మరక పోతే అద్దం ఎక్కడుండాలో గుర్తుండదు కదా అని, ముందే బయటి వైపున సరిగ్గా ఆ చోట తన స్టిక్కర్ బొట్టు ఒకటి అంటించింది. లోపల్నుంచి చూస్తే గాజులోంచి ఎర్రగా కనపడుతుంది. ఆ ఉపాయానికి ఆమెకే ముచ్చటేసింది.

అప్పుడే జగిత్యాల నుంచి అత్తమ్మ వీడియో కాల్ చేసింది. విష్ణు ఆమెకు చెప్పినట్టున్నాడు.

“బండిల అద్దం ఊరికే పడదే పిల్లా. ఎవల కన్నో తాకింది. అంటించే ముందల ఇంత పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టు. కొత్త బండికి పెడ్తమా లేదా? గిది గూడ గట్లనే.”

ఇంద్రజ వేళ్ళు ఒక్క క్షణం ఆగాయి. జగిత్యాలలో బ్లౌజులకు కుందన్ రాళ్ళు అతికించిన వేళ్ళవి. రాయి కిందికి కాస్త నూనె చేయి తగిలినా పెళ్ళి నాటికి రాయి ఊడి చేతిలోకొస్తుందని ఆ వేళ్ళకు తెలుసు. కానీ అటువైపు అత్తమ్మ చూస్తూ ఉంది, వెనక సీటులో పాప ఉంది. ఎందుకైనా మంచిదని పసుపు తడిపి గాజు మీద వేలితో రాసింది. మధ్యలో కుంకుమ పెట్టింది. అత్తమ్మ దండం పెట్టుకుంది. ఫోను పెట్టేశాక కాగితం రుమాలుతో తుడిచేసింది. తుడిచినా లేత పసుపు మెరుపు మిగిలే ఉంది. దాని మీదే మందు పూసి, అద్దం వెనక బొత్తాం ముక్కకు జిగురు వేసి, చలికి ముక్కు కారుతున్నా కదలకుండా నొక్కి పట్టుకుంది. అతుక్కుంది.

గురువారం పొద్దున కారు తలుపు తీస్తే అద్దం, దాని వెనక బొత్తాం ముక్కతో సహా, డాష్‌బోర్డు మీద పడి ఉంది. జిగురు పొర చాలావరకు ఆ ముక్కకే అంటుకుని ఉంది, పచ్చగా, పొంగలి మీద తొరకలాగా.

విష్ణు దాన్ని గోటితో గీకి వాసన చూశాడు. “పసుపా? కూర వండినవా దీనితోటి?”

“అత్తమ్మ చెప్పింది.”

“అమ్మ చెప్తే? అమ్మకు బండి తెలుసా, జిగురు తెలుసా?” ఆ మాట తల్లి మీదికి పోతుందని ఆలస్యంగా తట్టి, గొంతు తగ్గించాడు. “గందుకే చెప్పిన, గరాజ్ ఓడు చేస్తడు. నీతోని కాదే.”

నీతోని కాదు. ఆ మాట పట్టుకుని ఇంద్రజ ఆరోజంతా ఉల్లిగడ్డలు తరిగింది. అంతమంది పిల్లలకు పాస్తా వండుతూ ఆలోచించింది. కోపం పోయాక మిగిలింది ఒకటే: రాయి ఎందుకు ఊడుతుందో నాకు తెలుసు. తెలిసీ చేసిన. మళ్ళ చెయ్యను.

గురు, శుక్రవారాలు కూడా ఆంటీ వెనక కూర్చుని వచ్చింది. “నవ్వింది. తుమ్మింది. ఇదిగో, సాక్సు పీకి పారేసింది.” ఇంద్రజ చేతులు స్టీరింగ్ మీద వదులయ్యాయి. శుక్రవారం ఒక మలుపులో లారీ వాడు హారన్ కొడితే, అద్దం వంక చూడాలన్న ఆలోచన కూడా రాలేదు. పక్కకు తీసి దారిచ్చి, “పోరా అయ్యా పో” అంది. వెనక ఆంటీ పకపకా నవ్వింది. లైబ్రరీ దగ్గర ఆంటీ దిగి, చేత్తో గోడను తాకుతూ లోపలికి వెళ్ళేది. సాయంత్రం అక్కడే వాకిట్లో నిలబడి ఉండేది. కారు పక్కకొచ్చి ఆగినా కదిలేది కాదు. ఇంద్రజ “ఆంటీ” అని పిలిచాక “ఆఁ, వచ్చినావా” అనేది. పెద్దావిడ, పరధ్యానం ఎక్కువ అనుకుంది ఇంద్రజ.

*

శుక్రవారం సాయంత్రం విష్ణు డ్యూటీకి వెళ్ళాక ఇంద్రజ పని మొదలుపెట్టింది. ఈసారి కొత్త ప్యాకెట్టు, కొత్త బ్లేడు, గోళ్ళరంగు తుడిచే మందు, ఉతికి ఆరేసిన పాప పాత బనీను, తల ఆరబెట్టుకునే డ్రయర్. డ్రయర్ వైరు వంటింటి కిటికీలోంచి కారు దాకా లాగింది. అత్తమ్మ ఫోను మోగితే మోగనిచ్చింది.

ఆంటీ పాపను ఒళ్ళో పెట్టుకుని పక్క సీటులో కూర్చుంది.

“ఈ అట్ట మీదేమున్నదో ఒకసారి చదువుతరా ఆంటీ? ఎంతసేపు ఆరనివ్వాల్నో మళ్ళ చూసుకుంట.”

“కళ్ళజోడు ఇంట్లో పెట్టి వచ్చినా బేటీ. నువ్వే చదువు. నువ్వు బాగా చదువుతావు.”

ఇంద్రజ తనే చదువుకుంది. ఆ తర్వాత బ్లేడును గాజుకు పడుకోబెట్టినట్టుగా పట్టుకుని గీకింది. మిగిలిన పచ్చటి పొర చుట్టలు చుట్టుకుని లేచి, డాష్‌బోర్డు మీద పరిచిన పేపర్ మీద రాలింది. బనీను కొసను గోళ్ళరంగు మందులో తడిపి తుడిచింది. వాసనకు పాప ముక్కు చిట్లిస్తే తలుపులన్నీ తెరిచింది. మళ్ళీ తుడిచింది. గాజు ధగధగలాడింది.

“అయిపోయింది,” అంది.

ఆంటీ చూపుడువేలు ముందుకు చాచి, గాజు మీద మెల్లగా వెతుక్కుంటూ పోయి ఒకచోట ఆగింది. “ఇక్కడ ఇంకా గరుకు ఉంది.”

ఇంద్రజ తలవంచి వాలుగా చూసింది. నిజమే. గోరంత పొర. కంటికి ఆననే లేదు. “మీ వేలు మంచిగ చెప్తది ఆంటీ.” మళ్ళీ గీకింది. ఆంటీ వేలు తాకినచోట మళ్ళీ తుడిచింది, చివరికి ఎవరి వేలూ తగలకుండా ఇంకొకసారి తుడిచింది.

బొత్తాం ముక్కను అద్దం నుంచి విడదీయాలి. అడుగున చిన్న మర. స్క్రూడ్రైవర్‌తో అరచుట్టు తిప్పితే ముక్క జారి చేతిలోకొచ్చింది. దాన్ని ఇసక కాగితం మీద రుద్దింది, ఇనుము కొత్తగా తెల్లబడేదాకా. ఏ వైపు పైకి, ఏ వైపు కిందికి? రెండు వైపులా ఒకలాగే ఉంది. అట్ట మీది బొమ్మ కూడా తేల్చలేదు. ఆంటీ అరచేయి చాచింది. ముక్కను బొటనవేలి కింద దొర్లించి, “ఒక కొస సన్నం, ఒక కొస వెడల్పు. సన్నం పైకే ఉండాల, లేకుంటే అద్దం జారి పడిపోదా?” అంది. ఇంద్రజ అద్దాన్ని దాని మీదికి తొడిగి చూసింది. పైనుంచి జారి వచ్చి వెడల్పు దగ్గర బిగుసుకుంది. అంతే.

గాజు చల్లగా ఉంది. చల్లటి గాజుకు జిగురు పట్టదు. చలికాలం పొద్దున రాళ్ళు అతికించేముందు గుడ్డను ఇస్త్రీ చేసి వెచ్చబెట్టుకునేది తను. ఇప్పుడు డ్రయర్ గాలిని గాజు మీద పట్టి, ఒకేచోట ఉంచకుండా చుట్టూ తిప్పింది, గాజు అరచేతికి పాలసీసాలా గోరువెచ్చగా తగిలేదాకా. తడి గుడ్డముక్కతో గాజుకూ ఇనుముకూ మందు పూసింది. ఆరనిచ్చింది. ముక్క నడుమ ఒక్క చుక్క జిగురు వేసింది. రెండు కాదు. రాయి కింద జిగురు ఎక్కువైతే పక్కలకు పొంగి పట్టు వదులుతుంది. ఊపిరి బిగబట్టి, గాజులోంచి కనపడే ఎర్రబొట్టుకు సరిగ్గా గురిచూసి అద్దింది. బొటనవేలితో నొక్కింది.

“ఇప్పుడు కదలొద్దు ఆంటీ. బండి ఊగొద్దు.”

“పాట అయిపోయేదాకా పట్టుకో,” అని ఆంటీ పాపకు లాలి ఎత్తుకుంది. అవ్వ పాడిన లాలట. మాటలు సగం తెలుగు, సగం ఇంకేదో. చాలా పొడుగు పాట. ఇంద్రజ భుజం లాగింది, బొటనవేలి గోరు తెల్లబడింది. పాట ఆగిన చోట మళ్ళీ మొదలైంది. ఆమె వేలు తీయలేదు.

తీశాక ముక్క గాజులో మొలిచినట్టు నిలబడింది. ఇంద్రజ దాన్ని తాకలేదు. అద్దం తొడగలేదు. ఆరాలి. పసుపు కుంకుమ గిన్నె తెచ్చి బానెట్ మీద, నాలుగు చక్రాల మీద తీరిగ్గా బొట్లు పెట్టింది. అప్పుడు అత్తమ్మకు తనే ఫోన్ చేసింది.

“పసుపు పెట్టినవా?”

“పెట్టిన అత్తమ్మా. ఈసారి మస్తుగ పెట్టిన.”

శనివారమంతా కారు తీయలేదు. ఆదివారం పొద్దున అద్దాన్ని తొడిగి, మర బిగించి, వంటింట్లోకి పోయి రొట్టెలు కాల్చుకుంటూ కూర్చుంది. విష్ణు లేచి, టీ గ్లాసుతో కారు దగ్గరికి పోవడం కిటికీలోంచి చూసింది. అతను తలుపు తీసి, అద్దాన్ని ముందు వేలితో తట్టాడు. తర్వాత పట్టుకుని కిందికి లాగాడు. తర్వాత ఇంకా గట్టిగా లాగాడు. కారు ఊగింది, అద్దం ఊగలేదు.

లోపలికొచ్చి రొట్టె తుంచుకున్నాడు. “ఏం పెట్టి అంటించినవే?”

“నీ మాటలు పెట్టి అంటించిన బావా. ఎంత గీకినా పోవు అవి.”

విష్ణు నవ్వు ఆపుకోబోయి టీ గ్లాసులో ఊదాడు. కాసేపటికి వెళ్ళి అంజన్న బిళ్ళను డాష్‌బోర్డు మీద కూర్చోబెట్టి వచ్చాడు. గంటను, ఎర్రదారాన్ని, దిష్టితాడును ఇంటి తలుపుకు కట్టాడు. గవ్వల దండ ఒక్కటి మిగిలింది.

*

సోమవారం పొద్దున ఆంటీ ఎప్పటిలాగే కంచె పట్టుకుని వచ్చింది.

“అద్దం వచ్చేసింది ఆంటీ. మీరు చలిల రాకున్నా పర్వాలేదు.”

“లైబ్రరీకి పోవద్దా నేను?” అని వెనక తలుపు తడిమి తీసింది. ఇంద్రజ గవ్వల దండను ఆమె చేతిలో పెట్టింది. “అంకుల్‌ది మీ దగ్గరనే ఉండనీయండ్రి. అద్దానికి ఇంక బరువొద్దు.” ఆంటీ దండను ఒళ్ళో వేసుకుని ఒక్కో గవ్వనూ తడుముకుంది.

ఇంద్రజ అద్దాన్ని వంచి సరిచూసుకుంది. గుండ్రటద్దంలో పాప. ఊలు టోపీ, రెండు బుగ్గలు, ముక్కు. పక్కన ఆంటీ సగం ముఖం. అన్నీ ఉండాల్సిన చోటికి వచ్చేశాయి. ఆ అద్దంలో అవి నిలబడటానికి తన చేతులే కారణం అనుకుంటే ఆమె వెన్ను నిటారైంది.

కొండ మొదలవగానే పాప నిద్రపోయింది. నోరు కొద్దిగా తెరుచుకుంది. టోపీ జారి పాప ఒళ్ళోనే పడింది.

“కళ్ళు ఇంతింత చేసుకుని నన్నే చూస్తా ఉంది,” అంది ఆంటీ.

ఇంద్రజ అద్దంలోకి చూసింది. పాప నిద్రపోతోంది.

“ఇప్పుడు నవ్వింది. అరే, రెండు పళ్ళు.”

పాప నిద్రపోతూనే ఉంది. హాస్యం కాబోలు అనుకుంది ఇంద్రజ. కానీ ఆంటీ ముఖంలో హాస్యం లేదు. ఆమె కళ్ళు పాప మీద లేవు. ముందు సీటు వెనక భాగం మీద ఎక్కడో ఊరికే ఆగి ఉన్నాయి.

“ఆంటీ,” అంది ఇంద్రజ. గొంతు మామూలుగానే ఉంచింది. “పాప టోపీ ఏ కన్ను మీదికి జారింది?”

“ఎడమ కన్ను మీదికి. సరిచేసినాలే. నువ్వు రోడ్డు చూసుకో.”

ఇంద్రజ గడిచిన రోజులు లెక్కపెట్టుకుంది. బుధవారం, గురువారం, శుక్రవారం. ముక్కు గోక్కుంది, తుమ్మింది, సాక్సు పీకింది. ఆ మాటలు పట్టుకునే కదా తను చేతులు వదులు చేసుకుంది, నవ్వింది, లారీవాడికి దారిచ్చింది. ఈమెకు కనపడనే కనపడదు. చెయ్యి స్టీరింగ్ మీద బిగిసింది. కారు ఆపేయాలనిపించింది. మలుపులో ఆపడానికి చోటు లేదు. మలుపు తిరిగింది. తిరిగాక మళ్ళీ అద్దంలోకి చూసింది, ఈసారి కిందుగా.

ఆంటీ కుడిచేయి గవ్వల మీద ఉంది. ఎడమచేయి పాప ఛాతీ మీద పరుచుకుని ఉంది, ఐదు వేళ్ళూ విడదీసి. ఆ చేయి లేస్తోంది, దిగుతోంది. లేస్తోంది, దిగుతోంది. బుధవారం నుంచీ అది అక్కడే ఉండి ఉంటుంది.

కొండ కొసకు వచ్చారు.

“ఆంటీ,” అంది ఇంద్రజ. “ఎడమ పక్క ముళ్ళపొదలన్నీ పూసినయ్. పసుపు. కొండంతా మా అత్తమ్మ పసుపు రాసినట్టే ఉన్నది. కింద సముద్రం కనపడుతున్నది. తెల్లటి ఓడ ఒకటి పోతున్నది. పెద్దగ ఉంది, మెల్లగ పోతున్నది.”

అద్దంలో ఆంటీ గవ్వలు లెక్కపెట్టడం ఆపింది.

“ఎప్పటినుంచి చూస్తా ఉన్నావు?”

“ఇప్పుడే.”

“అద్దం బాగా అతికించినావు పిల్లా,” అంది ఆంటీ.

“ఏమాత్రం కనిపిస్తది?”

“అంచులు కనిపిస్తాయి. నడిమధ్య బూడిద. నువ్వు నా ఎదురుగా నిలబడితే నీ చీర, నీ చెవి కనిపిస్తాయి. నీ ముఖం ఉండదు. గొంతు వింటే నువ్వే అని తెలుస్తాది.”

“లైబ్రరీల మరి?”

“వెచ్చగా ఉంటాది. పేపర్ తిప్పుతా కూర్చుంటా. ఎవరూ ఏమీ అడగరు.” ఆమె చేయి పాప ఛాతీ మీద నుంచి కదల్లేదు. “నా కొడుకు శైలేంద్రకు చెప్పకు. ఆక్లాండ్ తీసుకుపోయి ఒక రూములో కూర్చోబెడతాడు. మంచోడే. మంచోళ్ళే కూర్చోబెడతారు.”

“డాక్టర్‌కు చూపించుకున్నరా?”

“చూపిస్తే ఏమంటారో అని పోలేదు.”

ఇంద్రజకు ఆ భయం బాగా తెలుసు. తెలియకుండా ఉండటమే మేలనిపించే భయం. అది తన వెనక సీటులోనే ఇన్నాళ్ళూ కూర్చుని వస్తోంది.

“గురువారం నాకు మధ్యాహ్నమే పనైపోతది. కళ్ళ డాక్టర్ దగ్గరికి నేను తీస్కపోత. బండి నాది. అద్దం కూడ నాదే. మీరు ఊకె కూసోండ్రి, రాణి లెక్క. డాక్టర్ ఏం చెప్తడో విన్నంక, శైలేంద్రకు చెప్పాల్నా వద్దా అన్నది మీరే చెప్దురు.”

“విష్ణు ఏమంటాడు?”

“ఏమంటడు? అన్నవన్నీ గట్టిగ అంటించుకుంట.”

ఆంటీ నవ్వింది. అద్దంలో ఆ నవ్వు సగమే కనపడింది. ఇంద్రజ చేయి ఎత్తి, పాప ముఖం మీదికి తిప్పి ఉన్న తన అద్దాన్ని మెల్లగా పక్కకు తిప్పింది. పాప జారిపోయింది, ఆంటీ జారిపోయింది, కారు వెనక గాజులోంచి కొండ రోడ్డు వచ్చి దాని నిండా నిలబడింది. వెనక ఒక ఎర్ర కారు వస్తోంది. చాలా దూరంలో ఉంది.

“బుజ్జి ఏం చేస్తున్నది ఆంటీ?” అని అడిగింది.

“నిద్రపోతా ఉంది,” అంది ఆంటీ. “ఊపిరి బాగా తీస్తా ఉంది.”

ఆరోజు పాత్రలు కడిగాక సెంటర్ వాళ్ళు ఇంద్రజను ఉంచుకుంటున్నామని చెప్పారు. ఆమె తలూపి, ఏప్రాన్ విప్పి, పాపను కారులో కట్టి, లైబ్రరీ వైపు బయల్దేరింది. వాకిట్లో నిలబడి ఉన్న మనిషికి దూరం నుంచే తన పేరు కేకవేసి చెప్పింది.

పొద్దునా సాయంత్రం ఆంటీని ఇంద్రజ చూసుకుంటుంది. లైబ్రరీ మూసి ఉండే సెలవురోజుల్లో, ఇంద్రజ వాళ్ళు ఎటైనా వెళ్ళినప్పుడు, ఆంటీ ఒక్కతే ఉంటుంది. మీరు ఎప్పుడైనా ఆ కొండ దాటి వైనుయోమాటా వైపు పోయేవాళ్ళయితే ఒక్కసారి ఆగండి. ముందు ఫ్లాట్, తలుపుకు గవ్వల దండ వేలాడుతూ ఉంటుంది. బాగున్నారా అని అడిగితే బాగున్నాననే అంటుంది, ఆ మాటతో తిరిగి వెళ్ళిపోకండి. కాసేపు కూర్చోండి. వాకిట్లో ఏం పూసిందో చెప్పండి. తలుపు తీయగానే మాత్రం, ముందు మీ పేరు చెప్పండి.